ఉంచాలా, మార్చాలా? పిచర్, కోచ్, క్వార్టర్‌బ్యాక్ విషయంలో ఎలా తేల్చుకోవాలి

అమెరికాలో ఆటలు చూసేవాళ్లకి సెప్టెంబర్ నుంచి జనవరి దాకా మూడు గొడవలు తప్పవు. బేస్‌బాల్ ప్లేఆఫ్స్‌లో బాగా వేస్తున్న పిచర్‌ని (బంతి వేసేవాణ్ణి) మేనేజర్ ఎందుకు తీశాడు, లేకపోతే ఎందుకు తీయలేదు? కాలేజీ ఫుట్‌బాల్‌లో ఏటా ఎనిమిది తొమ్మిది ఆటలు గెలిపించే కోచ్‌ని పంపించెయ్యాలా? కొత్తగా వచ్చిన క్వార్టర్‌బ్యాక్‌ని (జట్టు ఆట నడిపి, బంతి విసిరేవాణ్ణి) మొదటి వారమే దించాలా, ఏడాది కూర్చోబెట్టాలా? డాలస్‌లో మనవాళ్ల ఆఫీసుల్లో సోమవారం పొద్దున కాఫీ దగ్గర జరిగే వాదనలన్నీ దాదాపు ఈ మూడింట్లోనే తేలుతాయి. తేలుతాయంటే, గట్టిగా మాట్లాడినవాడు గెలుస్తాడు.

ఆ వాదనల్లో నాకు నచ్చనిది ఒకటుంది. అందరూ ఉన్నవాడి గురించే మాట్లాడతారు. అలసిపోయాడా, పెద్ద ఆటల్లో ఓడిపోతాడా, ఇంకా పచ్చిగా ఉన్నాడా. నిజానికి ఎంచుకోవాల్సింది ఇద్దరిలో ఒకరిని. వాడి జాగాలో వచ్చేదెవరు, ఆ వచ్చేవాడు ఇవాళ ఎలా ఉన్నాడు, తప్పయితే దిద్దుకునే టైమ్ ఉందా అన్నవి చూడకుండా చెప్పే జవాబు సగం జవాబే. టైమ్ విషయంలో మూడింటికీ పోలికే లేదు. పిచర్ దగ్గర నిమిషాల్లో తేలిపోతుంది, కోచ్ దగ్గర రెండు మూడేళ్లు పడుతుంది, క్వార్టర్‌బ్యాక్ దగ్గర ఒక్కోసారి ఏడేళ్లు.

అక్టోబర్‌లో పిచర్

క్రికెట్ చూసి పెరిగిన మనకి ఇక్కడ మొదట ఒక విషయం మింగుడుపడదు. కెప్టెన్ బుమ్రాకి రెండు ఓవర్లిచ్చి ఆపి, మిగతావి డెత్ ఓవర్లకి దాచుకుంటాడు. బేస్‌బాల్‌లో ఒకసారి తీసిన పిచర్ ఆ ఆటలో మళ్లీ బంతి పట్టుకోలేడు. పైగా 2020 నుంచి కొత్తగా వచ్చిన పిచర్ కనీసం ముగ్గురు బ్యాటర్లకైనా వెయ్యాలి, లేదా ఆ ఇన్నింగ్స్ ముగించాలి. అంటే మేనేజర్ రెండు వైపులా ఇరుక్కుంటాడు. తీస్తే తిరిగి తెచ్చుకోలేడు, తెచ్చినవాడు బాగోకపోతే వెంటనే మార్చలేడు.

తీసెయ్యమనే వాళ్ల చేతిలో బలమైన లెక్కే ఉంది. స్టార్టర్ (ఆట మొదలుపెట్టే పిచర్) తొమ్మిది మంది బ్యాటర్లని ఒక చుట్టు, రెండో చుట్టు దాటి మూడో చుట్టుకి వచ్చేసరికి వాళ్లు అతన్ని ఎక్కువగా కొడతారు. ఇది ఎన్నో సీజన్ల లెక్కల్లో కనబడుతూనే ఉంది. అలసట ఒక్కటే కారణం కాదు. చెయ్యి ఎక్కణ్ణుంచి వస్తోంది, స్లైడర్ ఎక్కడ విరుగుతోంది అన్నది బ్యాటర్ కంటికి అలవాటైపోతుంది. 90 బంతులేసి అలసినవాడికే కాదు, 60 బంతులతో హాయిగా ఉన్నవాడికీ ఈ బాధ తప్పదు.

ఈ లెక్కని నమ్మి తిట్లు తిన్న మేనేజర్లలో మొదటి పేరు టాంపా బే మేనేజర్ కెవిన్ క్యాష్. 2020 వరల్డ్ సిరీస్ ఆరో ఆట, ఆర్లింగ్టన్‌లో. టాంపా బే 1-0తో ముందుంది. బ్లేక్ స్నెల్ డాడ్జర్స్‌ని ఆడిస్తున్నాడు. ఆరో ఇన్నింగ్స్‌లో ఒకరు అవుటయ్యాక ఆస్టిన్ బార్న్స్ సింగిల్ కొట్టి మొదటి బేస్ చేరాడు. అప్పటికి స్నెల్ వేసినవి 73 బంతులే. తొమ్మిది మందిని స్ట్రైకవుట్ చేశాడు (అంటే మూడు స్ట్రైకులతో అవుట్), ఆ సింగిల్‌తో కలిపి ఇచ్చినవి రెండే హిట్లు. తర్వాత రావాల్సినవాళ్లు మూకీ బెట్స్, కోరీ సీగర్, జస్టిన్ టర్నర్. ముగ్గురినీ అతను ఆ రాత్రి తలా రెండుసార్లు స్ట్రైకవుట్ చేసి పంపాడు. క్యాష్ మెట్లెక్కి బయటికొచ్చాడు. స్నెల్ నోట్లోంచి ఏం మాట వచ్చిందో టీవీలో పెదాలు చూస్తేనే తెలిసిపోయింది. నిక్ ఆండర్సన్ వచ్చాడు. బెట్స్ డబుల్ కొట్టాడు, ఒక వైల్డ్ పిచ్‌తో (క్యాచర్‌కి అందని బంతి) స్కోరు సమమైంది, సీగర్ కొట్టిన గ్రౌండర్ మీద బెట్స్ హోమ్‌కి పరిగెత్తేశాడు. 2-1. చివరికి 3-1తో సిరీస్ అయిపోయింది.

క్యాష్‌ని ‘లెక్కల పిచ్చోడు’ అని తిట్టడం తేలిక. కానీ ఆ ఏడాది స్నెల్ ఏ ఆటలోనూ ఆరు ఇన్నింగ్స్ పూర్తి చెయ్యలేదు, అది కూడా గుర్తుంచుకోవాలి. తియ్యాలన్న ఆలోచన వెర్రిది కాదు. నా లెక్కలో తప్పల్లా ఎవరిని తెచ్చాడన్న దగ్గరే ఉంది. ఆండర్సన్ అంతకుముందు వరసగా ఆరు ఆటల్లో పరుగులిచ్చి ఉన్నాడు. సీజన్‌లో అతను అద్భుతంగా వేశాడు నిజమే, అక్టోబర్ చివరికొచ్చేసరికి మాత్రం ఆ ఆండర్సన్ లేడు. స్నెల్ మూడో చుట్టుని ఆండర్సన్ మొదటి చుట్టుతో పోల్చారు గానీ, ఆ వారం ఆండర్సన్‌తో పోల్చలేదు.

దీనికి సరిగ్గా ఎదురు కథ 2003లో జరిగింది. అమెరికన్ లీగ్ ఫైనల్ ఏడో ఆట, యాంకీ స్టేడియం. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో బోస్టన్ 5-2తో ముందుంది, మౌండ్ (పిచర్ నిలబడే దిబ్బ) మీద పెడ్రో మార్టినెజ్. ఒక అవుట్ తర్వాత యాంకీస్ బ్యాటర్ జీటర్ డబుల్, బెర్నీ విలియమ్స్ సింగిల్, 5-3. మేనేజర్ గ్రేడీ లిటిల్ నడుచుకుంటూ మౌండ్ దాకా వెళ్లాడు, పెడ్రోతో మాట్లాడాడు, అలాగే వెనక్కి తిరిగొచ్చేశాడు. మత్సుయి డబుల్. పొసాడా కొట్టింది గాల్లోకి లేచి ఎవరికీ అందని చోట పడి ఇంకో డబుల్. 5-5. పదకొండో ఇన్నింగ్స్‌లో ఆరన్ బూన్ హోమ్ రన్‌తో బోస్టన్ ఇంటికి. ఆ రాత్రి పెడ్రో 123 బంతులేశాడు. వంద దాటాక అతన్ని కొట్టడం తేలికవుతుందని ఆ సీజన్ అంతా చూస్తూనే ఉన్నారు. బుల్‌పెన్‌లో (మధ్యలో వచ్చే పిచర్లు ఉండే చోట) అలన్ ఎంబ్రీ, మైక్ టిమ్లిన్ ఇద్దరూ ఆ నెలలో చక్కగా వేస్తున్నారు. ‘మా హీరో, ఎలా తీస్తాం’ అన్న మొహమాటం తప్ప ఉంచడానికి కారణమే లేదు. లిటిల్‌కి మళ్లీ కాంట్రాక్టు ఇవ్వలేదు.

ఈ రెండిట్లో ఏది పెద్ద తప్పని అడిగితే పెడ్రో విషయమే అంటాను. స్నెల్ దగ్గర కనీసం వాదించడానికి ఏదో ఉంది.

మధ్యలో ఇంకో రకముంది, దాన్ని జనం అనవసరంగా తిడతారు. 2019 వరల్డ్ సిరీస్ ఏడో ఆటలో హ్యూస్టన్ జాక్ గ్రైంకీని ఏడో ఇన్నింగ్స్‌లో, 80 బంతులకే తీసింది. అప్పుడే రెండన్ హోమ్ రన్ కొట్టాడు, సోటోకి వాక్ (నాలుగు చెడ్డ బంతులకి ఊరికే బేస్) దొరికింది, స్కోరు హ్యూస్టన్‌కి 2-1. వచ్చిన విల్ హారిస్ ఆ ఏడాది వాళ్ల దగ్గరున్న మంచి రిలీవర్లలో (మధ్యలో వచ్చే పిచర్లు) ఒకడు. అతను వేసిన బంతి కూడా కింద, బయటి మూలకి పడిన మంచి కట్టర్. వాషింగ్టన్ బ్యాటర్ హోవీ కెండ్రిక్ దాన్ని ఎలా అందుకున్నాడో గానీ, కుడి వైపు ఫౌల్ పోల్‌కి తగిలింది, అంటే హోమ్ రన్. వాషింగ్టన్ 3-2. నిర్ణయం బాగున్నా ఫలితం చెడొచ్చు. ఫలితం చూసి నిర్ణయానికి మార్కులేస్తే మనం నేర్చుకునేది ఏమీ ఉండదు. దీనికంటే 2023లో టొరంటో చేసింది నాకు ఎప్పటికీ అర్థం కాదు. మిన్నెసోటా మీద, ఓడితే ఇంటికెళ్లాల్సిన ఆటలో, ఖోసే బెరియోస్‌ని 47 బంతులకే నాలుగో ఇన్నింగ్స్‌లో తీసి ఇంకో పిచర్ కికూచిని తెచ్చారు. ఆట మొదలవకముందే వేసుకున్న ప్లాన్‌ని, ఎదురుగా జరుగుతున్నదాన్ని చూడకుండా అమలు చెయ్యడమది. 2-0తో ఓడారు.

మరి మీరే మేనేజర్ కుర్చీలో ఉంటే? డాడ్జర్స్ రెండేళ్లలో చేసిన రెండు పనులు పక్కపక్కన పెట్టి చూడండి. 2024లో వాళ్ల స్టార్టర్లు సగం మంది గాయాలతో లేరు, బుల్‌పెన్ మాత్రం గట్టిది. శాన్ డియేగో మీద ఓడితే అయిపోయే నాలుగో ఆటలో అసలు స్టార్టరే లేకుండా ఎనిమిది మంది పిచర్లతో లాగించి 8-0తో గెలిచారు. 2025లో తిరగబడింది. స్టార్టర్లు ఆరోగ్యంగా ఉన్నారు, బుల్‌పెన్‌ని తల్చుకుంటేనే టెన్షన్. అందుకే మిల్వాకీ మీద మొదటి ఆటలో స్టార్టర్‌ని ఎనిమిది ఇన్నింగ్స్ ఉంచేశారు. ఒకే హిట్ ఇచ్చి పది మందిని స్ట్రైకవుట్ చేసిన ఆ స్టార్టర్ ఎవరనుకున్నారు? బ్లేక్ స్నెల్! మర్నాడు మరో స్టార్టర్ యమమోటో ఆట మొత్తం ఒక్కడే వేశాడు. అదే జట్టు, అదే మేనేజర్ డేవ్ రాబర్ట్స్. ఒక ఏడాది తొందరగా తీశాడు, మరో ఏడాది తియ్యనే లేదు. రెండూ సరైనవే, ఎందుకంటే వచ్చేవాడు మారాడు.

కాబట్టి ఆరో ఇన్నింగ్స్‌లో టీవీ ముందు కూర్చుని తేల్చుకోవాలంటే బంతుల సంఖ్య ఒక్కటే చూడకండి. ఫాస్ట్‌బాల్ వేగం మొదటి ఇన్నింగ్స్‌తో పోలిస్తే ఒకటి రెండు మైళ్లు పడిందా, క్యాచర్ గ్లవ్ పెట్టిన చోటికి కాకుండా ప్లేట్ మధ్యలోకి వస్తున్నాయా అన్నది చూడండి. ఆ తర్వాత బుల్‌పెన్‌లో వార్మప్ చేస్తున్నవాడు ఈ సిరీస్‌లో ఇప్పటికి ఎన్నిసార్లు వచ్చాడో గుర్తు తెచ్చుకోండి. మూడో చుట్టు అలవాటు రిలీవర్లకీ వర్తిస్తుంది. ఏడు ఆటల సిరీస్‌లో అదే బ్యాటర్లు అతన్ని నాలుగోసారి చూస్తుంటే అతనూ పాతబడిపోయినట్టే. రెండూ సమానంగా ఉన్నాయనిపిస్తే నేనైతే స్టార్టర్‌నే ఉంచుతాను. ఆ రాత్రి అతను ఎలా వేస్తున్నాడో కళ్లారా చూశాం, వచ్చేవాడి సంగతి మొదటి నాలుగు బంతులు పడేదాకా ఎవరికీ తెలియదు.

ఏస్‌ని, అంటే జట్టులో అందరికంటే మంచి స్టార్టర్‌ని, రిలీవర్‌గా తేవడం మాత్రం వేరే లెక్క. 2014 వరల్డ్ సిరీస్ ఏడో ఆటలో మాడిసన్ బమ్‌గార్నర్ రెండు రోజుల విశ్రాంతితో వచ్చి ఐదు ఇన్నింగ్స్ పరుగివ్వకుండా వేసి శాన్ ఫ్రాన్సిస్కోని గెలిపించాడు. 2025లో యమమోటో ఆరో ఆటలో 96 బంతులేసి, మర్నాడే ఏడో ఆటలో రెండున్నర ఇన్నింగ్స్‌కి పైగా వేసి టొరంటోలో కప్పు లాక్కొచ్చాడు. ఇవి చూసి ప్రతి మేనేజర్‌కీ ఆశ పుడుతుంది. 2019లో డాడ్జర్స్ ఏస్ కెర్షా అలాగే వచ్చి వాషింగ్టన్‌కి వరస బంతుల్లో రెండు హోమ్ రన్లిచ్చాడు. ఏడో ఆట అయితే తెగించొచ్చు, దాని తర్వాత దాచుకోవడానికి ఏమీ లేదు. నాలుగో ఆటలో ఆ పని చేస్తే మీ ఆరో ఆట స్టార్టర్‌ని మీరే తినేసినట్టు.

నవంబర్‌లో కోచ్

కాలేజీ ఫుట్‌బాల్‌లో కోచ్‌ని తీసెయ్యడానికి ముందు చూసే కాగితం స్కోరు షీటు కాదు, కాంట్రాక్టు. టెక్సాస్ ఏ అండ్ ఎం 2023 నవంబర్‌లో జింబో ఫిషర్‌ని పంపించినప్పుడు ఇవ్వాల్సి వచ్చింది దాదాపు 7.6 కోట్ల డాలర్లు. మన లెక్కలో ఆరు వందల కోట్ల రూపాయలు దాటింది, పని చెయ్యకుండా ఉన్నందుకు! కాలేజ్ స్టేషన్‌లో మాస్టర్స్ చేసే మన పిల్లలకి ‘మా ఫీజులేనా ఇవి’ అన్న అనుమానం రావడం సహజం. ఆ డబ్బు అథ్లెటిక్స్ విభాగం, దాతల ఫౌండేషన్ భరిస్తాయని యూనివర్సిటీ చెప్పింది.

అంత డబ్బు పోసి ఏం కొన్నట్టు? ఇక్కడే వచ్చేవాడి సంగతి. వాళ్లు తెచ్చుకున్న మైక్ ఎల్కో అంతకుముందు అదే యూనివర్సిటీలో డిఫెన్స్ నడిపినవాడు, డ్యూక్‌లో హెడ్ కోచ్‌గా తనేంటో చూపించినవాడు. 2025లో ఏ అండ్ ఎం మొదటి 11 ఆటలూ గెలిచి ప్లేఆఫ్‌కి వెళ్లింది. ఖర్చు దారుణమే, ఎంపిక మాత్రం బాగుంది. జార్జియా 2015లో మార్క్ రిక్ట్‌ని పంపినప్పుడు ఆ ఏడాది అతని ఖాతాలో తొమ్మిది విజయాలున్నాయి. అందరూ నవ్వారు. కానీ కిర్బీ స్మార్ట్ వాళ్ల పూర్వ విద్యార్థే, ఇంకా ఆగితే పక్కనున్న సౌత్ కరొలైనా ఎగరేసుకుపోయేలా ఉంది. 2021, 2022 సీజన్లలో వరసగా రెండు జాతీయ టైటిళ్లొచ్చాయి.

ఇదే పని చేతిలో పేరు లేకుండా చేస్తే ఏమవుతుందో నెబ్రాస్కాని అడగాలి. 2003లో ఫ్రాంక్ సోలిక్‌ని 9-3 రికార్డు (తొమ్మిది గెలుపులు, మూడు ఓటములు) మీద తీసేసి, నెలకి పైగా వెతికి బిల్ కాలహన్‌ని తెచ్చారు. తర్వాతి ఏడాది 5-6. 1961 తర్వాత వాళ్లు ఓడిపోయిన సీజన్ అదే మొదటిది. ఆ యూనివర్సిటీ ఫుట్‌బాల్ ఇప్పటికీ పూర్తిగా కోలుకోలేదు. 1999 తర్వాత కాన్ఫరెన్స్ టైటిల్ లేదు.

ఓపిక పట్టమనే వాళ్లు చెప్పే కథలు కూడా నిజమే. వర్జీనియా టెక్‌లో ఫ్రాంక్ బీమర్ ఆరో ఏట, 1992లో, గెలిచింది రెండు ఆటలు. ఉంచారు. 1999 సీజన్‌లో జాతీయ టైటిల్ ఆట దాకా తీసుకెళ్లాడు. క్లెమ్సన్‌లో డాబో స్వీనీ 2010లో 6-7. ఉంచారు. ఆ తర్వాత రెండు జాతీయ టైటిళ్లు. బాగానే ఉంది గానీ, ఈ కథల్ని ఇవాళ్టికి తెచ్చి అతికించడం కుదరదు. అప్పట్లో ఆటగాడు వేరే కాలేజీకి మారాలంటే ఏడాది బయట కూర్చోవాలి, అందుకే ఓడినా జట్టు కలిసి ఉండేది. 2018లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునేవాళ్లు పేరిచ్చే జాబితా), 2021లో ఆటగాళ్లు తమ పేరు మీద డబ్బు సంపాదించుకునే హక్కు, ఇప్పుడు కాలేజీలే నేరుగా డబ్బులివ్వడం, ఇవన్నీ వచ్చాక రెండు ఆటలు గెలిచిన జట్టులో మంచివాళ్లెవరూ జనవరి దాకా మిగలరు. బీమర్‌ని ఇవాళ ఉంచినా, అతని ఆటగాళ్లు ఉండరు.

పోర్టల్ ఇంకో వైపు కూడా కోస్తుంది. ఇండియానా 2023లో గెలిచింది మూడు ఆటలు. కర్ట్ సిగ్నెటీ జేమ్స్ మాడిసన్ నుంచి వస్తూ తనతో పాటు పదిమందికి పైగా తన ఆటగాళ్లనే తెచ్చుకున్నాడు. మొదటి ఏడాదే 11 విజయాలు. రెండో ఏడాది ఒక్క ఓటమి లేకుండా జాతీయ టైటిల్. ఆ మొదటి ఏడాది చూశాకే దేశంలో ప్రతి దాతకీ ‘మనకెందుకు రాదు’ అనిపించింది. అందుకే 2025 అక్టోబర్‌లో వరసగా కోచ్‌ల తలలు ఎగిరాయి. నా ఉద్దేశంలో ఇండియానాని చూసి నేర్చుకున్నది తప్పు పాఠం. వాళ్లు తీసింది మూడు ఆటలు గెలిచే కోచ్‌ని. అక్కడ పోగొట్టుకునేది ఏమీ లేదు.

పెన్ స్టేట్‌కి పోగొట్టుకునేది చాలా ఉంది. జేమ్స్ ఫ్రాంక్లిన్ అంతకుముందు సీజన్‌లోనే వాళ్లని ప్లేఆఫ్ సెమీఫైనల్ దాకా తీసుకెళ్లాడు. 2025లో రెండో ర్యాంకుతో మొదలుపెట్టి, ఒరెగాన్‌తో రెండు ఓవర్‌టైమ్‌లు ఆడి ఓడాడు. తర్వాత అప్పటిదాకా ఒక్కటీ గెలవని యూసీఎల్ఏ చేతిలో, ఆ పై వారం సొంత మైదానంలో నార్త్‌వెస్టర్న్ చేతిలో ఓడాడు. మర్నాడే పంపించేశారు. పెద్ద ఆటల్లో అతని రికార్డు చూస్తే తీసెయ్యడాన్ని సమర్థించొచ్చు. కానీ కొత్త కోచ్ మాట్ క్యాంప్‌బెల్ పేరు ఖరారయ్యేసరికి డిసెంబర్ మొదటి వారం వచ్చింది, హైస్కూల్ కుర్రాళ్లు సంతకాలు పెట్టే రోజు దాటిపోయింది. ఆ రోజు పెన్ స్టేట్‌కి సంతకం పెట్టినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అక్టోబర్‌లో తీసెయ్యడం వల్ల ముందుగా వెతకడానికి వీలుంటుందన్నది వాదన. ముందు మొదలుపెట్టీ గడువులోగా ముగించలేకపోతే, ఆ తొందరకి అర్థమేంటి?

కోచే మిమ్మల్ని వదిలి వెళ్లిపోతే ఎంపిక తేలికవుతుంది. 2025 చివర్లో లేన్ కిఫిన్ ఓల్ మిస్‌ని వదిలి ఎల్ఎస్‌యూకి వెళ్లాడు, అదీ జట్టు ప్లేఆఫ్స్‌కి వెళ్తున్నప్పుడు. ఓల్ మిస్ వెంటనే డిఫెన్స్ కోచ్ పీట్ గోల్డింగ్‌కి పూర్తి బాధ్యత ఇచ్చేసింది. జట్టు చెదరలేదు, షుగర్ బౌల్‌లో జార్జియాని ఓడించింది. లాకర్ రూమ్ బాగున్నప్పుడు లోపలివాణ్ణి కూర్చోబెట్టడం, చెడిపోయినప్పుడు బయటివాణ్ణి తేవడం, ఇంతకంటే పెద్ద సూత్రం నాకు కనబడలేదు.

కొత్త క్వార్టర్‌బ్యాక్

ఇక్కడ జనం రెండు ముఠాలు. ఒక ముఠా ఆరన్ రాడ్జర్స్ పేరు చెబుతుంది: 2005లో డ్రాఫ్ట్ (జట్లు కాలేజీ ఆటగాళ్లని వరసగా ఎంచుకోవడం) అయ్యి, బ్రెట్ ఫార్వ్ వెనక మూడేళ్లు కూర్చున్నాడు. రెండో ముఠా పేటన్ మానింగ్ పేరు చెబుతుంది: 1998లో మొదటి ఆట నుంచే దిగి, 28 ఇంటర్‌సెప్షన్లు (ఎదుటి జట్టు చేతికి చిక్కిన పాసులు) విసిరి, 3-13తో ముగించి, మర్నాటి ఏడాదే 13-3 చేశాడు. రెండు పేర్లూ నిజమే కాబట్టి వాదన ఎప్పటికీ తెగదు.

కూర్చోబెట్టడం వల్ల మంచి జరగాలంటే కూర్చున్నప్పుడు దిద్దాల్సిన పని ఒకటి ఉండాలి. రాడ్జర్స్ కాలేజీలో బంతిని చెవి దగ్గర బాగా పైకి ఎత్తి పట్టుకునేవాడు. గ్రీన్ బేలో ఆ చేతుల్ని కిందికి దించారు, విడుదల వేగంగా, వదులుగా అయ్యింది. ఇలాంటి మార్పు ఆదివారం ఆటల మధ్యలో జరగదు. కాన్సస్ సిటీలో ప్యాట్రిక్ మహోమ్స్ 2017లో అలెక్స్ స్మిత్ వెనక ఏడాది ఉండి, చివరి ఆట ఒక్కటే ఆడాడు. మర్నాటి ఏడాది 50 టచ్‌డౌన్లు. అతనికి చెయ్యి దిద్దక్కర్లేదు. ఎదుటి డిఫెన్స్‌ని చదవడం, వారమంతా ఎలా సిద్ధపడాలో ఒక సీనియర్ పక్కన కూర్చుని చూడటం, అవే అతనికి కావాల్సింది. ఇద్దరూ కాలేజీలో బోలెడు ఆడి వచ్చారన్నది కూడా మర్చిపోకూడదు.

అసలు ఆడకుండానే వచ్చినవాడికి ఈ మందు పనిచేస్తుందా? ఆంథనీ రిచర్డ్‌సన్ కాలేజీలో 13 ఆటలే స్టార్ట్ చేసి 2023లో నాలుగో పిక్‌గా వచ్చాడు. అంతకుముందు మిచ్ ట్రుబిస్కీదీ అదే లెక్క, 13. ఇలాంటివాడికి కావాల్సింది ఆటే, కానీ ఆడిస్తే తప్పులు చేస్తాడు, ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో తప్పులకి ఓర్పు ఉండదు. రిచర్డ్‌సన్‌ని దించారు, గాయపడ్డాడు, మళ్లీ దించారు, బెంచ్ చేశారు. ఇలాంటివాళ్ల విషయంలో నా సలహా డ్రాఫ్ట్‌కి ముందే: ఇంకో ఏడాది కాలేజీలో ఉండమనండి. ఇప్పుడక్కడ డబ్బులూ వస్తున్నాయి. బో నిక్స్ ఆబర్న్, ఒరెగాన్‌లలో కలిపి 61 ఆటలు స్టార్ట్ చేసి డెన్వర్‌కి వచ్చి మొదటి రోజు నుంచే ఆడాడు. జేడెన్ డానియల్స్ కూడా ఎరిజోనా స్టేట్, ఎల్ఎస్‌యూలలో ఐదేళ్లు ఆడే వచ్చాడు. జో బరో ఒహాయో స్టేట్‌లో బెంచ్ మీద విసిగి ఎల్ఎస్‌యూకి మారి 2019లో 60 టచ్‌డౌన్లు విసిరాడు. కాలేజీలో మాత్రం కూర్చుని కాచుకోవడం కంటే ఆడే చోటికి మారడమే ఎక్కువసార్లు కలిసొచ్చింది.

ఎన్ఎఫ్ఎల్‌లో ఆడించాలా వద్దా అన్నదానికంటే ముందు చూడాల్సింది అతన్ని కాపాడటానికి ముందు నిలబడే ఐదుగురిని. 2002లో కొత్తగా పుట్టిన హ్యూస్టన్ జట్టు డేవిడ్ కార్‌ని మొదటి వారం నుంచే దించింది. బంతి విసిరేలోపే అతన్ని పట్టుకుని పడేసినవి ఆ ఏడాది 76 సార్లు. అది ఇప్పటికీ రికార్డు. ఆ దెబ్బలు తిన్నవాడు లైన్ బాగున్న రోజు కూడా దూరంగా చూడటం మానేసి దగ్గరికొచ్చేవాణ్ణే చూస్తాడు. 2023లో కరొలైనాలో బ్రైస్ యంగ్‌ని 62 సార్లు పడేశారు. అదే ఏడాది అతని తర్వాతి పిక్‌గా వచ్చిన సీజే స్ట్రౌడ్ హ్యూస్టన్‌లో 23 టచ్‌డౌన్లు, 5 ఇంటర్‌సెప్షన్లు. మనం మాత్రం ‘యంగ్ పొట్టివాడు’ అని తేల్చేశాం.

ఆ తర్వాత చూడాల్సింది ప్లే చెప్పేవాణ్ణి, అంటే అఫెన్సివ్ కోఆర్డినేటర్‌ని. అలెక్స్ స్మిత్ 2005లో మొదటి పిక్‌గా శాన్ ఫ్రాన్సిస్కోకి వచ్చాడు. మెకార్తీ, టర్నర్, హాస్ట్‌లర్, మార్ట్స్, రే. ఐదు సీజన్లు, ఐదుగురు అఫెన్సివ్ కోఆర్డినేటర్లు. ప్రతి వేసవిలోనూ కొత్త పుస్తకం, అదే ఆటకి కొత్త పేర్లు. హెడ్ కోచ్‌గా జిమ్ హార్బా వచ్చి 2011లో జట్టు 13-3 చేసేసరికి అతను పనికిరానివాడన్న ముద్ర ఎప్పుడో పడిపోయింది. దీనికి పక్కన జోష్ ఆలెన్‌ని పెట్టండి. బఫలోలో మొదటి ఏడాది అతని పాసుల్లో 52.8 శాతమే అందాయి. అదే హెడ్ కోచ్, అదే కోఆర్డినేటర్ డేబోల్, మూడో ఏడాదికి 69.2 శాతం. సామ్ డార్నాల్డ్‌ని జెట్స్, కరొలైనా వదిలించుకున్నాయి. శాన్ ఫ్రాన్సిస్కోలో బెంచ్ మీద ఒక ఏడాది, మిన్నెసోటాలో 14 విజయాలు, ఆ తర్వాత సియాటిల్‌తో సూపర్ బౌల్. అతని చెయ్యి మారలేదు, చుట్టూ ఉన్నవాళ్లు మారారు.

కోచ్, క్వార్టర్‌బ్యాక్ ఇద్దరూ అనుమానమే అయితే

చాలా జట్లు నిజంగా ఇరుక్కునేది ఇక్కడే. ఎవరిని ముందు మార్చాలి? ఎలా చెయ్యకూడదో షికాగో మూడుసార్లు చేసి చూపించింది. 2017లో ఉద్యోగం ఊడేలా ఉన్న జాన్ ఫాక్స్ చేతికి కొత్త కుర్రాడు ట్రుబిస్కీని ఇచ్చారు, సీజన్ అవగానే ఫాక్స్‌ని తీశారు. 2021లో మాట్ నాగీ చేతికి జస్టిన్ ఫీల్డ్స్, సీజన్ అవగానే నాగీ అవుట్. 2024లో మాట్ ఎబర్‌ఫ్లూస్ చేతికి మొదటి పిక్ కేలబ్ విలియమ్స్, ఈసారి సీజన్ కూడా ఆగలేదు, థ్యాంక్స్‌గివింగ్ మర్నాడే పంపించేశారు. ఉద్యోగం నిలబెట్టుకోవాల్సిన కోచ్ ఈ ఆదివారం గెలవడానికి చూస్తాడు, కుర్రాడికి మూడేళ్ల తర్వాత పనికొచ్చేది నేర్పడానికి అతనికి తీరికెక్కడిది? 2024లో విలియమ్స్‌ని 68 సార్లు పడేశారు.

2025లో మాత్రం వరస సరిగ్గా పట్టుకున్నారు. డిట్రాయిట్‌లో అఫెన్స్ నడిపిన బెన్ జాన్సన్‌ని హెడ్ కోచ్‌గా తెచ్చారు. విలియమ్స్ ముందు నిలబడటానికి జో థూనీ, జోనా జాక్సన్, డ్రూ డాల్‌మన్ అని ముగ్గురు అనుభవజ్ఞుల్ని తెచ్చారు. క్వార్టర్‌బ్యాక్‌ని మాత్రం కదపలేదు. అతన్ని పడేసిన సార్లు బాగా తగ్గిపోయాయి, 11-6తో డివిజన్ గెలిచారు. మీ జట్టు ఈ ఏడాది మొదటి రౌండ్‌లో క్వార్టర్‌బ్యాక్‌ని తీసుకుంటుంటే, అతని వీడియోలు చూసే ముందు హెడ్ కోచ్ కాంట్రాక్టు ఇంకా ఎన్నేళ్లుందో, లెఫ్ట్ టాకిల్ (క్వార్టర్‌బ్యాక్‌ని ఎడమ వైపు కాపాడేవాడు) ఎవరో చూసుకోండి. ఆ రెండూ తేలకపోతే పిక్‌ని అమ్మేసి టాకిల్‌ని తెచ్చుకోవడమే మంచిది.